మేకపిల్లల కొట్టంలో పద్నాలుగు పలకలు

ఆ రోజు ఆదిశేషు మామ నోరు మూసుకొని కూర్చుని ఉంటే శాలువా, పూలదండ, పేపర్లో ఫొటో అన్నీ దక్కేవి. మహానుభావుడు నోరు తెరిచాడు. తెరిచి, ముప్పై నాలుగేళ్ళ తన కష్టం మీద తనే నీళ్ళు కుమ్మరించుకున్నాడు. పక్కనే కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. మామూలుగానే నా కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ పొద్దున అది నెత్తికెక్కింది.

ముందు మనిషి ఎవరో చెప్పాలి.

నా పేరు శరత్‌చంద్ర. మార్కాపురంలో మాది పలకల దుకాణం, మా తాత పెట్టింది. ఊరి బయట, కొనకనమిట్ల పోయే దారిలో, రాయి కోసే యార్డు ఉంది. అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే నల్లరాళ్ళపాడు. ఆదిశేషు మామది ఆ ఊరే. వాళ్ళు మేకలూ గొర్రెలూ కాచుకునే కుటుంబం, మేము వ్యాపారం చేసుకునే శెట్లం. చుట్టరికం లేదు. అయినా మా వైపు వరస కలపడానికి చుట్టరికం ఎవరడిగారు? ఆయన నాకు మామ, ఆయన భార్య వీరమ్మ నాకు అత్త.

ఆ ఊరి పక్కన ఒక విత్తన క్షేత్రం ఉండేది. పదో తరగతి ఎలాగో గట్టెక్కిన ఆదిశేషును 1987లో అక్కడ పెట్టె చూసే పనికి తీసుకున్నారు. నాలుగు కాళ్ళ మీద ఛాతీ ఎత్తున నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె అది. గోడల నిండా ఏటవాలు చీలికలు. లోపలికి ఎండ రాదు, గాలి మాత్రం ఆడుతుంది. అందులో రెండు థర్మామీటర్లు. పగలు వేడి ఎంతదాకా ఎక్కిందో ఒకటి పట్టి ఉంచుతుంది, రాత్రి ఎంతదాకా దిగిందో రెండోది పట్టి ఉంచుతుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు రెండూ చూసి రిజిస్టర్‌లో రాయడమే ఉద్యోగం.

ఇంతే కదా అనిపిస్తుంది. ఇంతే పనిని ముప్పై నాలుగేళ్ళు చేసి చూడండి, తెలుస్తుంది.

పెట్టె దగ్గర పెన్నుతో రాసేవాడు కాదు. పెన్ను కక్కుతుందట, కాగితం గాలికి ఎగురుతుందట. మా యార్డులో అంచు లేచిన రద్దు పలకలు గుట్టగా పడి ఉంటే నాలుగు పట్టుకెళ్ళి, బలపంతో రాసుకొని, ఆఫీసులోకి వచ్చి రిజిస్టర్‌లో ఎక్కించేవాడు. కూతురు మల్లి పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడగాల్సిన వేళకు పందిట్లో మామ లేడు. పంతులు గొంతు చించుకుంటుంటే, పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి పలక చంకలో పెట్టుకొని పరుగున వచ్చాడు. పెళ్ళికొడుకు కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ కూడా "ఇరవై ఆరు పాయింట్ నాలుగు" అని గొణుక్కుంటున్నాడు. ఎక్కించేలోగా చంకలో చెమటకు పలక చెరిగిపోతుందని భయం!

ఆయన రాయని రోజులు మొత్తం పదకొండు. కర్నూలు ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ అయినప్పటివి. ముందు రోజులవీ తర్వాతి రోజులవీ చూసి మధ్యవి ఊహించి పూడ్చేయమని తోటివాళ్ళు సలహా ఇచ్చారు. మామ పదకొండు గళ్ళల్లోనూ అడ్డగీత కొట్టి వదిలేశాడు. నేను ఆయనకు ఎందుకు మొక్కుతానో చెప్పడానికి ఆ గీతలు చాలు.

2021లో రిటైరయ్యాడు. పెట్టె పోయింది, దాని చోట ఏదో మిషను వచ్చింది. రిజిస్టర్లు బీరువాలో పడ్డాయి. ముప్పై నాలుగేళ్ళు తను రాసింది ఎవరైనా ఒక్కసారి చదివారా అని మామ అప్పుడప్పుడూ నన్ను అడిగేవాడు. నేను మాట మార్చేవాణ్ణి.

మొన్న మార్చిలో హారిక వచ్చింది. గిద్దలూరు అమ్మాయి, యూనివర్సిటీలో రాత్రుల వేడి మీద పరిశోధన చేస్తోంది. బీరువా తెరిపించి, రిజిస్టర్లన్నీ ఫోనులో ఫొటోలు తీసుకొని పోయింది. మూడు వారాల తర్వాత మామకు ఫోన్ చేసి, "పెదనాయనా, మీ రికార్డు బంగారం! నేనే వచ్చి చూపిస్తా" అంది. చదువుకున్నవాళ్ళతో మాట్లాడాలంటే మామకు బెదురు. నన్ను పిలిపించాడు. తొమ్మిది గంటలకల్లా ఆయన వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం మీద ముగ్గురం కూర్చున్నాం. అత్త మేకల్ని తోలుకొని అప్పటికే పోయింది.

హారిక లాప్‌టాప్ తెరిచింది. రెండు గీతలు. ఎర్రది పగలు, నీలంది రాత్రి. రెండూ ఎగుడుదిగుడుగా పోతూ మెల్లగా పైకి ఎక్కుతున్నాయి. మామ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. తన పొద్దులన్నీ అక్కడ వరసగా నిలబడ్డాయి మరి.

నేను ఊరుకుంటానా? "ఎండ ఎక్కువైంది, వేడి పెరిగింది. దీనికి చదువెందుకమ్మాయ్? సూర్యుడు ఒకప్పట్లా లేడు" అన్నాను.

"అట్లయితే ఏ గీత ఎక్కువ పెరగాల అన్నా? సూర్యుడు ఉండేది పగలు కదా?"

"పగటిది."

"మరి చూడు. ఏది ఎక్కువ ఎక్కింది?"

చూశాను. నీలంది. రాత్రిది!

"అదే!" అని ఆ పిల్ల మంచం మీద నుంచి లేచి నిలబడింది. "పగలు నేల మింగిన వేడి రాత్రి పైకి పోవాల. పోనీకుండా పైన ఒకటి అడ్డం పడతాంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు రెండొందల ఎనభై పాళ్ళు ఉండేది. ఇప్పుడు నాలుగొందల ఇరవై దాటింది."

"గొంగడి కప్పినట్టా?" అన్నాడు మామ.

"అచ్చం అట్లనే పెదనాయనా! ఇంకో మాట వినండి. సూర్యుడిదే తప్పయితే, విమానాలు ఎగిరేదానికంటే పైనుండే గాలి కూడా వేడెక్కాల. అది చల్లబడతాంది! కింద వేడి, పైన చలి. సూర్యుణ్ణి నలభై ఏళ్ళకు పైగా ఉపగ్రహాలు కొలుస్తానే ఉన్నాయి, ఆయన పెరిగిందేం లేదు."

నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "ఆ గాలి మనం వదిలిందేనని ఏందమ్మా గ్యారంటీ? దాని మీద మన పేరు రాసుంటదా?"

"రాసుంటది అన్నా!" అంది. నేనెప్పుడు అడుగుతానా అని కాచుకున్నట్టుంది. "కార్బన్‌లో ఒక రకం ఉంది, కాలం గడిచేకొద్దీ తరిగిపోతది. బతికున్న చెట్టులో అది ఉంటది. కోట్ల ఏళ్ళు భూమిలో పడున్న బొగ్గులో, పెట్రోల్లో బొత్తిగా ఉండదు. గాలిలో ఆ రకం వాటా తగ్గుతా వచ్చింది. అంటే ఆ పాత సరుకు వచ్చి కలిసినట్టే కదా? దాన్ని తవ్వి తీసి కాల్చింది ఎవరు? మేకలా?"

  నా యార్డులో రాయి కోసే మిషనుకు డీజిలు ఇంజనే. ఒక్కసారిగా ఆ డుబడుబ చప్పుడు చెవుల్లో మోగింది.

"ఒక్క ఊరి లెక్కతో లోకం సంగతి తేలదు. లోకమంతా వేల పెట్టెల్లో ఇదే కనపడతాంది. కానీ మన వైపు ఇంత పాత రికార్డు, ఇంత నిక్కచ్చిగా, ఇంకోటి లేదు" అని హారిక నీలం గీత మీద వేలు పెట్టింది. "మొదటి పదేళ్ళతో చూస్తే చివరి పదేళ్ళ రాత్రులు ఒకటి పాయింట్ తొమ్మిది డిగ్రీలు పెరిగినాయి. ఇదిగో, 1999లో ఒక్కసారే ఎగిరింది చూడండి, మెట్టు మాదిరి! పెదనాయనా, మా మీటింగ్‌లో మీకు సన్మానం చేయించాలని సార్‌తో చెప్పినా."

నేను పొంగిపోయాను. మామ వైపు తిరిగాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా," అన్నాడు. నేను అప్పుడే పసిగట్టి, మంచం కింద ఆయన కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఆ మెట్టు గాలిది కాదు. పెట్టెను జరిపినారు."

"జరిపినారా? యాడికి?"

"తొంభై తొమ్మిది జూన్‌లో. అంతకుముందు ఎర్రమట్టి చేలో, గడ్డి మీద ఉండేది. ఆ చోట జీపు షెడ్డు కట్టాలన్నారు. కొత్త పెట్టె, కొత్త థర్మామీటర్లు తెప్పించి ఆఫీసు పక్కన, బండలు పరిచిన చోట పెట్టినారు. జరిపినట్టు రిజిస్టర్‌లో రాయొద్దన్నారు. రాస్తే పైనుంచి పర్మిషన్ యాడుందని అడుగుతారంట. నేను రాయలా. తప్పు నాదే."

బండల సంగతి నన్నడగండి. పగలు తాగిన ఎండను మా యార్డులో రాయి తెల్లవార్లూ కక్కుతూనే ఉంటుంది. బండల పక్కన పెట్టిన పెట్టె రాత్రిళ్ళు ఎక్కువ చూపించక ఏం చేస్తుంది?

హారిక మంచం మీద కూలబడింది. చాలాసేపు గీతను చూసింది. "అయితే ఇది వాడలేను పెదనాయనా" అంది మెల్లగా. "పెరిగినదాంట్లో బండలది ఎంత, గాలిది ఎంత అని విడదీయలేం. పోల్చి చూడను దగ్గర్లో ఇంకో పాత రికార్డు లేదు. మొత్తం పక్కన పెట్టాల్సిందే."

ముప్పై నాలుగేళ్ళు! పెళ్ళి పందిట్లోంచి పరుగెత్తింది, అడ్డగీతలు కొట్టింది, అంతా పక్కన పెట్టాల్సిందే! "నోరు మూసుకుంటే ఏం పోయింది మామా?" అని అరిచాను. మామ నా వైపు చూడనైనా చూడలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రెండు పెట్టెలూ ఒక ఏడాది పాటు కలిపి చూసుంటే..." అని హారిక తనలో తను అనుకుంది. "తేడా ఎంతో తెలిసిపోయేది. అది తీసేస్తే సరిపోయేది."

"చూసినా" అన్నాడు మామ.

"ఏంది?"

"షెడ్డు పని పద్నాలుగు నెలలు మొదలు కాలేదు. పాత పెట్టె ఉన్నచోటే ఉంది. కొత్తది ఎక్కువ చూపిస్తాందని నాకు అనుమానం. అందుకే రోజూ పొద్దున రెండూ చూసినా. రిజిస్టర్‌లో ఎక్కియ్యను వీల్లేదు కదా, పలకల మీద మేకుతో గీకినా. నెలకొక పలక. పద్నాలుగు పలకలు."

హారిక ఎగిరి గంతేసినంత పని చేసింది. "యాడున్నాయి?"

మామ చెయ్యెత్తి వాకిలి అవతల చూపించాడు. అది మేకపిల్లల కొట్టం. కప్పు తాటాకు, చుట్టూ కంప దడి, కింద మొత్తం మా యార్డు రద్దు పలకలే. మన్ను నాకి పిల్లలకు జబ్బులొస్తున్నాయని, బురదలో గిట్టలు చెడుతున్నాయని, 2001లో వీరమ్మ అత్తే కూర్చొని పరిచింది. మామ అప్పుడు కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు.

"గూట్లో పెట్టిన పలకలు కూడా తీసి పరిచింది. ఆమెకేం తెలుసు. ఇరవై మూడేళ్ళుగా తొక్కుతాండాయి పిల్లలు. ఇంకేముంటది అమ్మా, అంతా అరిగిపోయుంటది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది, నెత్తిన వేపరొట్ట మోపుతో. మా ముగ్గురి ముఖాలు చూసి, "ఏందట్ల కూర్చున్నారు, ఎవరన్నా పోయినారా?" అంది.

"పోయింది అత్తా! మామ కష్టమంతా పోయింది! ఆయన ప్రాణం పెట్టి గీకిన పలకలు తెచ్చి మేకల కాళ్ళ కింద పరిచినావు గదా!" అన్నాను. తప్పే. అనకుండా ఉండాల్సింది.

"ఊరుకో శెట్టీ" అన్నాడు మామ.

అత్త మోపు కింద పడేసింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "ఏ పలకలు? అక్షరాలు గీకినవా?" అని అడిగి, నన్ను ఎగాదిగా చూసింది. "అక్షరాల మీద ఎవరన్నా కాలు పెడతారా నాయనా? మేకను మాత్రం పెట్టనిస్తారా? నాకు చదువు రాదు, నిజమే. అక్షరమంటే ఏందో కూడా తెలీదా? రాసిన పక్క కిందికేసి పరిచినా."

 నలుగురం ఒకేసారి కొట్టం వైపు పరుగెత్తాం.

"మూల వరస! మూల వరస చూడండి! పిల్లలు తక్కువ తిరిగే చోట పెట్టినా!" అని అత్త వెనక నుంచి అరుస్తోంది. నేను గడ్డపారతో మొదటి పలక లేపాను. ఏమీ లేదు, ఉత్త రాయి. రెండోదీ అంతే. మూడోది తిప్పితే నల్లగా తడి మట్టి, దాని కింద ఏవో గరుకులు. నీళ్ళు పోసి కడిగినా అంకె కనపడలేదు. హారిక ముఖం వాడిపోయింది.

ఇక్కడ మాత్రం నా గొప్ప నేను చెప్పుకోవాల్సిందే. పుట్టింది పలకల ఇంట్లో. "బలపం ఉందా మామా?" అన్నాను. ఆయన జేబులో లేకుండా ఎలా ఉంటుంది? రాతితో నూరి, ఆ తెల్లపొడి పలకంతా చల్లి, అరచేత్తో అదిమి రుద్ది, తుడిచేశాను. గీతల్లోకి దిగిన పొడి గీతల్లోనే ఉండిపోయింది. నల్ల రాయి మీద తెల్లగా, వరసగా, మామ అంకెలు లేచి నిలబడ్డాయి.

ఆగస్టు 99. ఒకటో తేదీ. పాత చోటు ఇరవై ఐదు పాయింట్ రెండు. కొత్త చోటు ఇరవై ఆరు.

హారిక కేక పెట్టింది. పిల్లమేకలు బెదిరి కొట్టమంతా చిందులు. ఇక చూడండి మా హడావుడి! నేను లేపుతున్నాను, అత్త కడుగుతోంది, మళ్ళీ నేనే బలపప్పొడి రుద్దుతున్నాను. మామ దడి బయట నిలబడి, నేను అందించిన పలకలు చూసి గొంతెత్తి చదువుతున్నాడు. హారిక పేడలోనే బాసింపట్టు వేసుకొని లాప్‌టాప్‌లో కొడుతోంది. ఒక మేకపిల్ల దాని వైరు నమలబోతే అత్త చెవి పట్టి లాగింది. మే నెలది మూడు ముక్కలై దొరికింది. ముక్కలు చేర్చి పెట్టాం. పదమూడు దొరికాయి, పద్నాలుగోది రాలేదు. వెతికి వెతికి చివరికి నీళ్ళతొట్టి కింద ఉంటే నేనే తీశాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఎవరికీ అన్నం గుర్తులేదు.

"ఉండండి" అంది హారిక. లెక్క వేసింది. మళ్ళీ వేసింది. 

"కొత్త చోటు రాత్రిళ్ళు సగటున పాయింట్ ఎనిమిది ఎక్కువ చూపించింది. అది తీసేస్తే..." అని ఏదో నొక్కింది. తెర మీద నీలం గీత కదిలింది. మెట్టు మాయమైంది. గీత మాత్రం ఎక్కుతూనే ఉంది, ఈసారి నున్నగా, మెల్లగా. "ఒకటి పాయింట్ ఒకటి! బండలది తీసేసినా రాత్రులు ఒకటి పాయింట్ ఒకటి పెరిగినాయి! పగళ్ళు అందులో సగమే! పెదనాయనా, మీ రికార్డు నిలబడింది! అన్నిటికంటే గట్టిగా నిలబడింది, ఎందుకంటే తప్పు యాడుందో, ఎంతుందో మనకే తెలుసు!"

నేను గంతులేశాను, యాభై రెండేళ్ళ వయసులో, మేకపిల్లలతో పోటీగా. మామ దడి పట్టుకొని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, రెండూ ఒకేసారి.

అత్త నడుము మీద చేతులు పెట్టుకొని మమ్మల్ని చూస్తోంది. "వేడి పెరిగిందని తేలితే ఇంత సంబరమేంది మీకు? రాత్రిళ్ళు నిద్ర లేదు నాకు" అంది.

గంతు మధ్యలో ఆగిపోయాను. నిజమే కదా!

హారిక చేతులకు అంటిన తెల్లపొడి దులుపుకుంది. "సూర్యుడి పనే అయితే మనం ఏం చేయలేం పెద్దమ్మా. తలొంచుకోవాల్సిందే. ఇది మన చేతి పని అని తేలింది. మనం కాల్చేది తగ్గిస్తే ఈ పెరగడం ఆగుతది. అందుకే సంబరం" అంది. ఆ మాట నన్ను అప్పుడే తాకింది, ఇంకా వదల్లేదు. యార్డు ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టిస్తే ఎంతవుతుందో మర్నాడే కనుక్కున్నాను.

పలకలు పద్నాలుగూ గుడ్డలో చుట్టి హారిక వచ్చిన కారెక్కించాం. వాటి చోట పరవడానికి కొత్తవి పంపుతానన్నాను. హారిక ఒక కాగితం మీద రికార్డు చరిత్ర రాసుకుంటూ, "పలకలు కాపాడింది వీరమ్మ గారు అని రాస్తున్నా" అంది. అత్త వినలేదు. మొగుడి వైపు చూస్తోంది.

"ఇరవై మూడేళ్ళు పాడైపోయినాయనుకుంటివా? ఒక్క మాట అడగకపోతివా?"

"అడిగితే నువ్వు బాధపడతావని."

"ఒక్కసారి వచ్చి తిరగేసి చూడకపోతివా? ఈ కొట్టంలోకి ఒక్కనాడు రాలేదు నువ్వు. ఇప్పుడు కూడా బయటే నిలబడినావు. పేడ కంపు పడక అనుకుంటి."

మామ తలొంచుకున్నాడు. "నేను రాసిన అక్షరాలు కదే. వాటి మీద ఎట్ల నడిచేది?"

 అత్త కళ్ళు నిండాయి. దడికి ఆనించిన చీపురు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు అక్షరాలు లేవు గదా. రేపట్నుంచి ఊడ్చేది నువ్వే. ఎనిమిదిన్నరకల్లా కావాల."